బ్యాటరీ మార్చు అల్లుడూ!
2015లో మొదలైన తిరుపతి ఐఐటీ, ఐసర్ రెండూ మా ఏర్పేడు మండలంలో సొంత క్యాంపస్‌లు కట్టుకున్నాక, ఇక్కడ భుజాన ల్యాప్‌టాప్ సంచి లేని కుర్రాడు కనిపిస్తే వింతే. మొన్న మా మేనల్లుడు 2017లో కొన్న పల్చటి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. మూత సరిగ్గా పడటం లేదు. లోపల బ్యాటరీ పూరీలా పొంగి టచ్‌ప్యాడ్‌ను పైకి తోస్తోంది. ‘కొత్తది కొనేద్దునా మామా?’ అన్నాడు. ముందు ఛార్జర్ పీకెయ్యమన్నాను, ఉబ్బిన బ్యాటరీతో ఆటలొద్దు. తర్వాత అడిగింది ఒకటే: ర్యామ్ ఎంత? ఈ పల్చటి వాటిలో చాలామటుకు ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసేస్తారు; కొన్ననాడు ఎంతో, చివరిదాకా అంతే. వాడిది 8 జీబీ. నాలుగే అయ్యుంటే అమ్మెయ్యమనేవాణ్ణి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది, వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నలాంటి ఏడోతరం ఇంటెల్ ప్రాసెసర్లలో ఏవో కొన్నిటిని తప్ప విండోస్ 11 గడప తొక్కనివ్వదు. నిజమే. కానీ చెడింది చిప్పు కాదు, తలుపు మూసింది కంపెనీ. కోడ్ రాసే పిల్లాడికి లినక్స్ ఒక లెక్కా? కొత్త బ్యాటరీ, చోటు చాలకపోతే పెద్ద ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్‌లో దుమ్ము దులపడం. ఇంకో రెండేళ్లు హాయిగా లాగుతుంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లయితే మాత్రం కొత్తదే కొనండి, అదీ 16 జీబీకి తగ్గకుండా. ఒక్క మనవి: తీసేసిన బ్యాటరీని చెత్తకుప్పలో పడేయకండి, మార్చిన షాపువాళ్లకే అప్పగించి రండి.