నిధి కన్నా చోటే విలువైంది!

2025లో మన దగ్గర పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది. అప్పట్నుంచి మీ ఫోన్లో కూడా ఓ రకం రీల్స్ ఎక్కువై ఉంటాయి. ఎవరో పొలంలో నడుస్తుంటారు, చేతిలోని మెటల్ డిటెక్టర్ ‘కీచ్’మంటుంది, పారతో రెండు పోట్లు పొడిస్తే మట్టిలోంచి బంగారు నాణెం! కామెంట్లలో అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. ‘ఈ మెషీన్ ఎంత?’, ‘ఇది ఏ ఊరు?’

మొదటి ప్రశ్నకు ఎంత వివరంగానైనా జవాబు చెప్పొచ్చు. రెండోదానికి చెప్పారో, దొంగకు దారి చూపించినట్టే. ఈ సరదాలో దొంగతనమంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు దీంతో పనేంటి అంటారా? కాస్త ఓపిక పట్టండి, ఆ సంగతికీ వస్తాను.

ఈ రీల్స్‌లో చాలావాటికి మూలం బ్రిటన్. అక్కడ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరగడం ఓ వారాంతపు కాలక్షేపం. భూయజమాని ఒప్పుకుంటే చట్టం కూడా ఒప్పుకుంటుంది. చిన్న మెషీన్ వంద, రెండొందల పౌండ్లకే వస్తుంది. మంచిదైతే వెయ్యి దాటుతుంది. ఈసీఈ, ఈఈఈ వాళ్లకు ఇందులో అర్థంకాని మాయేం లేదు. చక్రంలాంటి కాయిల్‌లో మారే కరెంటు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. నేలలో లోహం ఉంటే దానిలో ఎడ్డీ కరెంట్లు పుడతాయి, వాటి స్పందనను మెషీన్ శబ్దంగా వినిపిస్తుంది. మీరు సెమిస్టర్ పరీక్షకు చదివి మరిచిపోయిన పాఠమే.

2009 జులైలో స్టాఫర్డ్‌షైర్‌లోని ఓ పొలంలో ఇలాగే ఒకాయన మెషీన్ మోగింది. ఆంగ్లో-శాక్సన్ కాలపు బంగారు, వెండి వస్తువులు వేల సంఖ్యలో బయటపడ్డాయి. విలువ 32.85 లక్షల పౌండ్లుగా కట్టారు. దొరికినాయన, పొలం యజమాని ఆ సొమ్ము పంచుకున్నారు. ఈ కథలో రీల్స్ చెప్పని భాగం ఒకటుంది. నిధి దొరికిన సంగతిని ప్రపంచానికి చెప్పింది సెప్టెంబరు 24న. అంటే రెండున్నర నెలలకు పైగా నోరు మెదపలేదు. పొలంలో తవ్వకం ముగిసేదాకా చోటు బయటికి పొక్కకుండా చూశారు.

అంత జాగ్రత్త ఎందుకో తెలియాలంటే 1980ల్లోకి వెళ్లాలి.

కోర్టులో జారిన మాట

లండన్‌కు దగ్గర్లోనే సర్రే అనే కౌంటీ ఉంది. అక్కడి వాన్‌బరో గ్రామం దగ్గర ఇద్దరు డిటెక్టరిస్టులకు పాత నాణేలు దొరికాయి. వాళ్లు బుద్ధిగా అధికారులకు చెప్పారు. తర్వాత వ్యవహారం కోర్టుకు వెళ్లినప్పుడు, అందరూ వింటుండగా ఆ చోటు ఎక్కడో బయటపెట్టేశారు. ఇంటర్నెట్ లేదు, వాట్సాప్ గ్రూపుల్లేవు. అయినా కబురు పాకింది. రాత్రిళ్లు దొంగలు డిటెక్టర్లతో దిగి పొలమంతా కుళ్లబొడిచారు. వేలకొద్దీ నాణేలు ఎటుపోయాయో తెలియదు. పురాతత్వవేత్తలు వచ్చి చూస్తే అది రోమన్ల కాలపు ఆలయం ఉన్న చోటని తేలింది. అప్పటి చట్టం కింద కేసు నిలబెట్టడమూ కష్టమైంది. ఎందుకంటే, పాతిపెట్టినవాడు మళ్లీ తీసుకునే ఉద్దేశంతోనే పాతాడని నిరూపించాలి. దేవుడికి సమర్పించిన నాణేన్ని ఎవరు మళ్లీ తీసుకుంటారు? ఈ చేదు అనుభవం కూడా 1996 ట్రెజర్ యాక్ట్ రావడానికి ఓ కారణం.

ఇలా చీకట్లో దొంగచాటుగా తవ్వేవాళ్లకు అక్కడ ‘నైట్‌హాక్‌’లని పేరు. వీళ్లలో చాలామంది ఎక్కడ తవ్వాలో సొంతంగా వెతుక్కోరు. పగలు ఎవరో కష్టపడి కనిపెట్టిన చోటును రాత్రికి వాడుకుంటారు. పరిశోధన మీది, పంట వాళ్లది.

దీనికి పూర్తిగా ఎదురు కథ సఫోక్‌లోని రెండిల్‌షామ్‌ది. తన పొలంలో రాత్రిపూట ఎవరో తవ్వి పోతున్నారని అక్కడి యజమాని కౌంటీ పురాతత్వ విభాగానికి ఫిర్యాదు చేశాడు. వాళ్లు 2008లో కొద్దిమంది నమ్మకమైన డిటెక్టరిస్టులను పిలిచి పొలాలను పద్ధతిగా జల్లెడ పట్టించారు. దొరికిన ప్రతి ముక్క ఎక్కడ దొరికిందో జీపీఎస్‌తో గుర్తించారు. అలా ఆంగ్లో-శాక్సన్ రాజుల నివాసం ఒకటి నేలకింద ఉందని తేలింది. ఈ సంగతి 2014 దాకా బయటికి రానివ్వలేదు. ఆరేళ్లు! ఒక్క పోస్టు పెట్టడం కూడా ఆపుకోలేని మన కాలంలో ఇది నాకైతే నాణేల కంటే పెద్ద వింత.

ఫోనే పట్టిస్తుంది

వాన్‌బరోలో చోటు చెప్పింది ఒక మనిషి. ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తుంది. కెమెరాకు లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే ఫొటో ఫైల్లోనే అక్షాంశం, రేఖాంశం రాసిపెట్టి ఉంటాయి. దీన్నే ఎగ్జిఫ్ డేటా అంటారు. 2012లో పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్న యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నాడని బయటపడింది ఇలాగే. ఆయనతో దిగిన ఫొటోను ఓ పత్రిక లొకేషన్ వివరం తీసేయకుండా ఆన్‌లైన్లో పెట్టేసింది. కంప్యూటర్ భద్రత అమ్ముకుని బతికిన మనిషి గతే అది!

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సాధారణంగా ఈ వివరం ఊడిపోతుంది. క్వాలిటీ తగ్గకూడదని అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్లిపోతుంది. చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

ఎగ్జిఫ్ తీసేస్తే సరిపోతుందా? పోదు. వెనకాల కనిపించే చర్చి గోపురం, కరెంటు టవరు, కొండ అంచు చాలు, ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చోటు పట్టేసేవాళ్లున్నారు. అందుకే అనుభవజ్ఞులు నేలమీద గుంటను మాత్రమే ఫొటో తీస్తారు, ఆకాశం కనిపించనివ్వరు. పోస్టు కూడా ఇంటికెళ్లాక, ఇంకా చెప్పాలంటే ఆ పొలంలో పని పూర్తయ్యాక పెడతారు. నడక యాప్‌ల సంగతీ ఇంతే. స్ట్రావా అనే ఫిట్‌నెస్ యాప్ వాడేవాళ్ల నడకలన్నీ కలిపి ఓ ప్రపంచ పటం వేసింది. 2018 జనవరిలో ఆస్ట్రేలియాకు చెందిన ఇరవై ఏళ్ల విద్యార్థి దాన్ని చూసి, ఎడారుల్లో సైనిక స్థావరాలు మెరుస్తున్నాయని బయటపెట్టాడు. మీ వయసువాడే. పొలంలో వరసలు వరసలుగా మూడు గంటలు తిరిగిన గీత ఆ పటంలో ఎలా కనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ విషయంలో ప్రభుత్వ వ్యవస్థ చూపిన తెలివి మెచ్చుకోవాలి. దొరికిన వస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌ను బ్రిటిష్ మ్యూజియం నడుపుతోంది. పది లక్షలకు పైగా వస్తువుల వివరాలు అందులో ఎవరైనా చూడొచ్చు. కానీ ఖచ్చితమైన చోటు మాత్రం అందరికీ కనిపించదు. పరిశోధకులకు ఓ స్థాయి, జనానికి మరో స్థాయి. డేటాబేస్‌లో ‘యాక్సెస్ కంట్రోల్’ అని మనం బట్టీ పట్టేది దీన్నే. ఇంటర్వ్యూలో ఉదాహరణ అడిగితే బ్యాంకు పేరే చెప్పాలని రూలేం లేదు.

పొలంలో, బీచ్‌లో

సరే, అక్కడ చదువుకోవడానికి వెళ్లి ఈ సరదాలో పడ్డారనుకుందాం. ఎక్కువగా పోయేది కారులోంచే. నిర్మానుష్యమైన రోడ్డు పక్కన, పొలం గేటు ముందు గంటల తరబడి ఆగి ఉన్న కారంటే దాని యజమాని చాలా దూరంలో ఉన్నాడని అర్థం. కారు మీద డిటెక్టర్ కంపెనీ స్టిక్కరు కూడా ఉంటే డిక్కీలో ఏముందో రాసిపెట్టినట్టే. వీలైతే రైతునడిగి కారును ఇంటి ఆవరణలో పెట్టుకోవాలి. స్పేర్ కాయిల్స్, బ్యాటరీల్లాంటివి బయల్దేరే ముందే లోపల సర్దుకోవాలి. అక్కడికెళ్లి డిక్కీ తెరిచి సర్దితే చూసేవాళ్లు చూస్తారు.

మెషీన్ సీరియల్ నంబర్‌ను, బిల్లును ఫొటో తీసి క్లౌడ్‌లో పెట్టుకోండి. పోతే ఫిర్యాదులో రాయడానికీ, సెకండ్‌హ్యాండ్ సైట్లలో కనిపిస్తే నాదేనని చెప్పడానికీ అదే ఆధారం. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అక్కడి డిటెక్టరిస్టుల సంఘాల్లో చేరితే బీమా వస్తుంది. అది పబ్లిక్ లయబిలిటీ బీమా. మీవల్ల ఎదుటివాళ్లకు నష్టం జరిగితే కడుతుంది. మీ మెషీన్‌ను ఎవరైనా ఎత్తుకుపోతే దానికి వేరే పాలసీ చూసుకోవాల్సిందే.

హెడ్‌ఫోన్స్ ఇంకో చిక్కు. తల దించుకుని, చెవులు మూసుకుని, నేలమీదే ధ్యాస పెట్టి నడిచే మనిషి వెనక ఎవరొచ్చినా తెలియదు. ఒక చెవి ఖాళీగా ఉంచుకోవడం, ఇద్దరుగా వెళ్లడం మేలు. బీచ్‌లో జనం చుట్టూ మూగి ‘ఏం దొరికింది?’ అని అడుగుతారు. అరచేతిలో పెట్టి చూపించాలనిపిస్తుంది. మేకులు, సీసా మూతలు ఎన్నైనా చూపించండి. విలువైనది మాత్రం జిప్ ఉన్న జేబులోకి, ఒంటిమీదే. గడ్డిమీద పెట్టిన సంచిలోకి కాదు. తవ్విన గుంట పూడ్చడం మర్యాదే కాదు, మీరొచ్చిన గుర్తు చెరిపేయడం కూడా.

నిజంగానే నిధి తగిలితే? తవ్వడం ఆపి, మట్టి కప్పి, యజమానికీ, ఆ ప్రాంతపు ఫైండ్స్ లైజన్ ఆఫీసర్‌కూ చెప్పాలి. స్నేహితుల గ్రూపుకు తర్వాత. నిధి అని తెలిశాక 14 రోజుల్లో కరోనర్‌కు తెలపాలని చట్టం.

తీసినవాడే దొంగైతే

దొంగ ఎప్పుడూ బయటినుంచే వస్తాడనుకోవద్దు. 2015లో హియర్‌ఫోర్డ్‌షైర్‌లో ఇద్దరు డిటెక్టరిస్టులకు వైకింగ్‌ల కాలపు నిధి దొరికింది. బంగారు ఉంగరం, కంకణం, స్ఫటికం పొదిగిన లాకెట్, వాటితో దాదాపు 300 నాణేలు ఉండొచ్చని అంచనా. ఇంగ్లండ్ తొలినాటి చరిత్రను తిరగరాయగల నాణేలు వాటిలో ఉన్నాయి. చెప్పాల్సినవాళ్లకు చెప్పకుండా ఒక్కొక్కటీ అమ్మడం మొదలుపెట్టారు. పోలీసులు వాళ్లలో ఒకరి ఫోన్లోంచి డిలీట్ చేసిన ఫొటోలు వెలికితీశారు. గుంటలో నిధి ఎలా ఉందో వాటిలో కనిపించింది! 2019 నవంబరులో ఒకరికి పదేళ్లు, మరొకరికి ఎనిమిదిన్నరేళ్ల జైలుశిక్ష పడింది. అప్పీల్లో అవి కొంత తగ్గాయి. నాణేల్లో చాలావరకు దొరకలేదు.

డిలీట్ అంటే చెరిగిపోవడం కాదని ఓఎస్ సబ్జెక్టులో చదివారు కదా, ఆ పాఠానికి కోర్టు సాక్ష్యం ఇది. ఈ వెలికితీత పనే ఉద్యోగంగా కావాలనుకునేవాళ్లకు గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో డిజిటల్ ఫోరెన్సిక్స్ కోర్సులున్నాయి.

ఇక మొదట్లో వాయిదా వేసిన ప్రశ్న. మీరు డిటెక్టర్ ముట్టుకోకపోవచ్చు. కానీ ఆఫర్ లెటర్ వచ్చిన ఆనందంలో దాన్ని యథాతథంగా స్టోరీలో పెడతారు. అందులో పేరు, చిరునామా, అభ్యర్థి నంబరు, హెచ్‌ఆర్ ఈమెయిల్ అన్నీ ఉంటాయి. మీ పేరుమీద మోసపు మెయిల్ తయారు చేయడానికి అంతకంటే ఏం కావాలి? బోర్డింగ్ పాస్ ఫొటోలోని పీఎన్‌ఆర్, ఇంటిపేరు ఉంటే చాలా విమాన సంస్థల సైట్లలో మీ బుకింగ్ తెరుచుకుంటుంది. రెజ్యూమెలో డోర్ నంబరుతో సహా చిరునామా, పుట్టినతేదీ, ఆధార్ నంబరు రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఊరి పేరు, ఫోన్, ఈమెయిల్ చాలు. వాన్‌బరోలో కోర్టు చేసిన పనే మనం రోజూ మన చేతులతో చేస్తున్నాం.

మన దగ్గర కుదరదు

ఆన్‌లైన్లో డిటెక్టర్ కొని సొంతూళ్లో కోట చుట్టూ తిరుగుదామనుకునేవాళ్లకో మాట. గుప్తనిధుల కోసం గుడి తవ్వి పట్టుబడ్డ ముఠాల వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటారు. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన రెండొందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం, శిల్పంలాంటివి పురావస్తువులే. వాటిని విదేశాలకు పంపడం నేరం.

గ్రూప్స్, సివిల్స్ రాసేవాళ్లు 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ కూడా ఓసారి చూడండి. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలంటుంది అది. ఆ పది రూపాయల అంకె చూసి నవ్వొస్తుంది కానీ, దాచిపెడితే ఏడాది దాకా జైలు. యజమాని ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాళ్లకు మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోవాలనుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. కలెక్టర్‌కు ఇచ్చే ఆ కాగితంలో ఏం దొరికింది, ఎంత దొరికింది, ఏ రోజు దొరికింది అన్నవాటితో పాటు ఎక్కడ దొరికిందో కూడా రాయాలి. ఆ చోటు చెప్పాల్సింది అక్కడే.