పేరొకటే... పనితీరు వేరు!

కౌన్సెలింగ్‌లో సీటు ఖాయం కాగానే చాలా ఇళ్లలో మొదలయ్యే చర్చ ల్యాప్‌టాప్ గురించే. ‘గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే కావాలి’ అంటారు పిల్లలు. ఆటల కోసమేనేమోనని పెద్దల అనుమానం. త్రీడీ డిజైన్, యానిమేషన్, వీడియో ఎడిటింగ్, కృత్రిమ మేధ పాఠాలకూ ఆ కార్డు అక్కరకొస్తుందన్న మాట నిజమే. తీరా కొనేటప్పుడు మాత్రం స్టిక్కర్ మీది అంకె ఒక్కటే చూస్తారు. డెస్క్‌టాప్ కార్డు డబ్బా మీదా అదే అంకె ఉంటుంది కాబట్టి రెండూ సమానమే అనుకుంటారు. అక్కడే వస్తుంది చిక్కు. నేతిబీరకాయలో నెయ్యి పేరులోనే ఉన్నట్టు, ఇక్కడ కూడా కొంత బలం పేరుకే పరిమితం.

ఎన్విడియా సంస్థ ఆర్‌టీఎక్స్ 4090 సంగతే తీసుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. 2022 అక్టోబరులో వచ్చిన డెస్క్‌టాప్ కార్డులో లెక్కలు చేసే కోర్లు 16,384. దాని సొంత మెమరీ 24 జీబీ. 2023లో అదే పేరుతో ల్యాప్‌టాప్‌లకు వచ్చిన దాంట్లో కోర్లు 9,728, మెమరీ 16 జీబీ. నిజానికి అందులో ఉన్నది డెస్క్‌టాప్ 4080లో వాడిన రకం చిప్. 2025లో వచ్చిన 5090దీ ఇదే కథ. డెస్క్‌టాప్‌లో 21,760 కోర్లుంటే ల్యాప్‌టాప్‌లో 10,496. అంటే సగం కూడా లేవన్నమాట!

వేడితోనే తంటా

ఎందుకీ తేడా? డెస్క్‌టాప్ 4090 గరిష్ఠంగా 450 వాట్ల కరెంటు తాగుతుంది. పాతరకం సీలింగ్ ఫ్యాన్లు ఆరు ఒకేసారి తిరిగినంత. ఆ కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. దాన్ని ఊదేసేందుకు డెస్క్‌టాప్ కార్డుకు ఇటుకంత లోహపు పలకలు, సొంత ఫ్యాన్లు ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో అంత చోటేదీ? అంగుళం మందంలోనే ప్రాసెసర్, బ్యాటరీ, గ్రాఫిక్స్ చిప్ అన్నీ సర్దుకోవాలి. అందుకే ల్యాప్‌టాప్ 4090కి 80 నుంచి 150 వాట్ల దగ్గరే పగ్గం వేశారు. ప్రాసెసర్‌కు పని తక్కువున్నప్పుడు ఇంకో పాతిక వాట్ల వరకూ దొరకొచ్చు.

మూడో వంతు కరెంటు అంటే మూడో వంతు పనే అనుకోనక్కర్లేదు. స్కూటర్‌ను 50 వేగంతో నడిపితే మంచి మైలేజీ వస్తుంది. 80కి పెంచితే పెట్రోలు మండిపోతుంది. చిప్ కూడా అంతే. వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ రెట్టింపైతే వేగం మారకపోయినా కరెంటు ఖర్చు నాలుగింతలవుతుంది. చివరి కాస్త వేగానికే ఎక్కువ వాట్లు పోతాయి. కాబట్టి ల్యాప్‌టాప్ చిప్ కొంచెం నెమ్మదిగా నడుస్తూ చాలా కరెంటు ఆదా చేస్తుంది. డెస్క్‌టాప్‌కు సాటి రాదు కానీ, వాట్ల లెక్కన చూస్తే పొదుపరి.

ల్యాప్‌టాప్‌కూ ల్యాప్‌టాప్‌కూ తేడానే

ఆర్‌టీఎక్స్ 4060 దగ్గరికొస్తే కథ మారుతుంది. డెస్క్‌టాప్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ 3,072 కోర్లే, 8 జీబీ మెమరీనే. డెస్క్‌టాప్ కార్డుకు 115 వాట్లు. ల్యాప్‌టాప్‌లో మాత్రం 35 నుంచి 115 వరకూ ఎంతివ్వాలో తయారీదారే నిర్ణయించుకోవచ్చు. గాలి బాగా ఆడే మందపాటి ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్‌కు దగ్గరగా వస్తుంది. పలుచటి నాజూకు ల్యాప్‌టాప్ అదే స్టిక్కర్‌తో వెనకబడిపోతుంది. వాట్లు దండిగా అందే 4060, వాట్లు బిగించిన 4070ను దాటిపోవడమూ ఉంటుంది.

పూర్వం పేరులోనే గుర్తుండేది. జీటీఎక్స్ 980కి 2,048 కోర్లుంటే, ల్యాప్‌టాప్ రకానికి 980ఎం అని పేరు, 1,536 కోర్లు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1080 రెండింట్లోనూ 2,560 కోర్లతో రావడంతో ‘ఎం’ అక్షరం తీసేశారు. అప్పటికది న్యాయమే. 2021 నాటికి చిప్‌లు మళ్లీ వేరయ్యాయి. ఆర్‌టీఎక్స్ 3080కి డెస్క్‌టాప్‌లో 8,704 కోర్లు, ల్యాప్‌టాప్‌లో 6,144. అక్షరం మాత్రం తిరిగి రాలేదు. ‘ల్యాప్‌టాప్ జీపీయూ’ అన్న తోకే మిగిలింది. అమ్మకాల మాటల్లో అది తరచూ రాలిపోతుంది. పోటీ సంస్థ ఏఎండీ తన ఆర్‌ఎక్స్ 7900ఎంకు ఆ అక్షరం ఉంచింది.

వేగం కన్నా ముఖ్యం మెమరీ

వేగం తగ్గితే పోయేది సమయమే. గంటలో అయ్యే పని గంటన్నరకు అవుతుంది. మెమరీ చాలకపోతే మాత్రం పని బాగా నత్తనడక నడుస్తుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. పెద్ద త్రీడీ దృశ్యాలకూ, కృత్రిమ మేధ నమూనాలకూ ఈ బాధ ఎక్కువ. ఆర్‌టీఎక్స్ 4070 డెస్క్‌టాప్‌లో 12 జీబీ ఉంటే ల్యాప్‌టాప్‌లో 8 జీబీనే. పైగా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్‌ను సాధారణంగా బోర్డుకే అతికించేస్తారు. రెండేళ్ల తర్వాత చాలకపోతే మార్చుకునే వీలుండదు. డెస్క్‌టాప్‌లో అయితే పాత కార్డు తీసి కొత్తది పెట్టుకోవచ్చు.

అందుకే దుకాణంలో అడగాల్సినవి మూడు. గ్రాఫిక్స్ చిప్‌కు గరిష్ఠంగా ఎన్ని వాట్లు? దాని సొంత మెమరీ ఎంత? ఛార్జర్ ఎన్ని వాట్లది? మొదటిది తయారీదారు వెబ్‌సైట్‌లోని వివరాల్లో ‘టీజీపీ’ లేదా ‘మాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్’ పేరుతో ఉంటుంది. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే ఎంత ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్ అయినా బాగా నెమ్మదిస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అవసరం. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికీ, ప్రాజెక్టు రిపోర్టులు రాసుకోవడానికీ విడి గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. ఆ డబ్బును ర్యామ్ మీద పెడితే ఎక్కువ ఉపయోగం. భారీ త్రీడీ పని తప్పనిసరై, పిల్లలు ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొస్తుంటే డెస్క్‌టాపే లాభం. హాస్టల్ విద్యార్థికి ల్యాప్‌టాప్ తప్పదు. అప్పుడు నాజూకుతనం చూసి మురిసిపోకుండా వాట్లూ, మెమరీ లెక్క చూసి కొంటే నాలుగేళ్ల చదువుకూ అక్కరకొస్తుంది.