పట్టా లేని రైతు బిడ్డకు ప్రవేశార్హత

వ్యవసాయ పట్టభద్ర కోర్సులో చేరే విద్యార్థులందరూ ఒకే మార్గాన రావడం లేదు. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారు ఎప్‌సెట్ ర్యాంకుతో చేరుతున్నారు. పదవ తరగతి తరువాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తిచేసినవారు అగ్రిసెట్ వ్రాసి ప్రవేశం పొందుతున్నారు. ఇతర రాష్ట్రాల విద్యార్థులకు భారత వ్యవసాయ పరిశోధన మండలి వాటా, ప్రవాస భారతీయుల పిల్లలకు మరొక వాటా ఉన్నాయి. వీటన్నిటిలో వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని ఇతర విద్యాసంస్థల నుండి వేరు చేసి చూపేది రైతు కోటా. నేల దున్నిన కుటుంబాల బిడ్డలు ఈ చదువుకు దూరం కారాదన్నదే దాని ఆశయం. ఆ ఆశయం గొప్పది. అయితే అర్హతను నిర్ణయించే కొలమానాన్ని మాత్రం పునఃపరిశీలించవలసిన అవసరమున్నది.

రైతు కోటాలో సీటు కోరే విద్యార్థికి స్థూలంగా రెండు షరతులు వర్తిస్తున్నాయి. మొదటిది, విద్యార్థి పేరనో, తల్లిదండ్రుల పేరనో కనీసం ఒక ఎకరం వ్యవసాయ భూమి ఉండాలి. రెండవది, ఒకటవ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు గల కాలంలో కనీసం నాలుగేళ్ళు పురపాలక పరిధికి వెలుపల చదివి ఉండాలి. మొదటి షరతు సేద్యానికి భూయాజమాన్యాన్ని నిదర్శనంగా తీసుకొంటున్నది. సొంతదారే సేద్యగాడైన చోట ఇందులో దోషం లేదు. కాని గోదావరి, కృష్ణా డెల్టాలలో వరి పండించేవారిలో కౌలుదారులే అధికం. దుక్కి నుండి నూర్పిడి వరకు శ్రమ వారిది, అప్పు వారిది, తుపాను నష్టం వారిది. పట్టా మాత్రం పట్టణంలో స్థిరపడిన భూస్వామిది. ఫలితంగా పొలం గట్టు తొక్కని యజమాని బిడ్డ భూమి షరతును నెరవేర్చగలుగుతుండగా, అదే పొలంలో నారు మోసిన కౌలు రైతు బిడ్డ సాధారణ కోటాలో పోటీ పడవలసి వస్తున్నది.

కౌలుదారును గుర్తించే ప్రయత్నం చట్టాలలో జరగకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటి చట్టం రుణ అర్హత కార్డులను ప్రవేశపెట్టినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టం పంట సాగుదారు హక్కు పత్రాలను తెచ్చినది. ఈ పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది. యజమాని అంగీకారం లేనిదే లభించదు. ఆ అంగీకారం దొరకక పత్రమే పొందని కౌలుదారులు ఎందరో ఉన్నారు. కనుక దీనిని ఒక్కదానినే ప్రవేశార్హతకు ఆధారం చేసినా న్యాయం పూర్తిగా జరుగదు. ఈ-పంట నమోదులో సాగుదారు పేరు చేరిన చోట అది మరింత నమ్మదగిన ఆధారం. గడచిన ఐదేళ్ళలో ఏవైనా మూడు పంటకాలాల నమోదు ఉన్న కుటుంబాన్ని రైతు కుటుంబంగా పరిగణించవచ్చును. వ్యవసాయ కూలీల విషయంలో ఉపాధి హామీ జాబు కార్డును, గ్రామసభ ధ్రువీకరణను కలిపి చూడవచ్చును. తెలంగాణలో వ్యవసాయ విశ్వవిద్యాలయం కూలీల పిల్లలకు ప్రత్యేక వాటా కల్పించడం ఈ దిశలో స్వాగతించదగిన అడుగు.

రెండవ షరతులోనూ ఒక చిక్కు ఉన్నది. పల్లెలో పుట్టిన కూలీ బిడ్డ పట్టణంలోని గురుకులంలో చదివితే ఆ ఏళ్ళు లెక్కకు రావు. నగరవాసి బిడ్డ నగరం వెలుపల పంచాయతీ పరిధిలోని ఖరీదైన వసతి పాఠశాలలో చదివితే లెక్కకు వస్తాయి. ప్రభుత్వ గురుకుల విద్యార్థుల విషయంలో పాఠశాల ఉన్న చోటును గాక తల్లిదండ్రుల నివాస గ్రామాన్ని ప్రమాణంగా తీసుకొనడం ఉచితం.

ఈ సడలింపుల వలన ప్రమాణాలు పడిపోతాయని కొందరు శంకించవచ్చును. రైతు కోటా విద్యార్థికి కూడ ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత, ప్రవేశ పరీక్ష ర్యాంకు తప్పనిసరి. కోటాలోపల ఎంపిక ర్యాంకు క్రమంలోనే జరుగుతుంది. ఇక్కడ మారవలసినది విద్యార్థి ప్రతిభకు పెట్టే పరీక్ష కాదు, రైతు అన్న మాటకు మనమిచ్చే నిర్వచనం. దొంగ పత్రాలు పెరుగుతాయన్న భయం తోసిపుచ్చదగినది కాదు. అయితే స్తోమత గలవారికి ఎకరం భూమి పత్రం సంపాదించడం కష్టం కాదు. ఏళ్ళ తరబడి పంటకాలంలో క్షేత్రస్థాయిలో జరిగిన నమోదును ప్రవేశాల వేళ సృష్టించడం అంతకంటె కష్టం.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ విషయం పరాయిది కాదు. నూతన వంగడమైనా, సమగ్ర సస్యరక్షణ అయినా చివరికి చేరవలసినది పొలంలో ఉన్న మనిషికి. ఆ మనిషి తరచు కౌలుదారే. ఏడాది గడువుతో భూమి తీసుకొన్నవాడు పచ్చిరొట్ట ఎరువుపై, భూసార పరిరక్షణపై ఎందుకు ఖర్చు పెట్టడో ఆ ఇంట పెరిగిన విద్యార్థికి ఎవరూ బోధించనక్కరలేదు. అటువంటి అనుభవం తరగతి గదికి, పరిశోధనాంశాల ఎంపికకు చేరడం విశ్వవిద్యాలయానికే లాభం. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో మన విద్యార్థులు గ్రామాలలో సర్వేలు చేస్తూనే ఉన్నారు. ఆ సర్వేలలో కౌలు, కూలీ కుటుంబాలలో చదువుకొంటున్న పిల్లల వివరాలను కూడ సేకరించి, వచ్చే ప్రవేశ ప్రకటనకు ముందే విద్యాపరిషత్తు ఎదుట ఉంచగలిగితే, నిబంధనల సవరణకు గట్టి పునాది ఏర్పడుతుంది.