పథ్యంలో పోగొట్టుకుంటున్న చేప

కుట్లు వేయించుకుని చల్లపల్లి ఆస్పత్రి నుంచి ఇంటికి చేరినవాళ్ళకు ముందుగా వినిపించే మాట, "చేపలు, రొయ్యలు పెట్టకండమ్మా, చీము పడుతుంది." కోడూరు వెళ్ళినా, నాగాయలంక వెళ్ళినా ఇదే పథ్యం. ఎలర్జీ ఉన్నవాళ్ళ సంగతి వేరు. మిగతావాళ్ళకు పుండు పూడాలంటే మాంసకృత్తులు కావాలి. కృష్ణా డెల్టాలో పేదింటికి అందుబాటులో ఉన్న మంచి మాంసకృత్తు చేపే. దాన్ని సరిగ్గా అవసరమైన రోజుల్లోనే కంచంలోంచి తీసేస్తున్నాం.

బయటి ప్రపంచం మాత్రం చేపను గాయం మీదికే తెచ్చింది. బ్రెజిల్‌లోని ఫోర్టలెజాలో కాలిన గాయాలకు శుద్ధి చేసిన తిలాపియా తోలు కప్పి చూశారు. అది ఒంటికి అంటుకుని ఉంటుంది కాబట్టి రోజూ కట్టు విప్పి కట్టే నరకం రోగికి తప్పింది. మన చెరువుల్లో పిలవకుండా వచ్చి పెరిగే తిలాపియానే అది! ఐస్‌లాండ్‌లో కెరెసిస్ అనే సంస్థ కాడ్ చేప తోలుతో మానని పుళ్ళకు కట్టు తయారుచేసింది. షుగర్ పుండుతో కాలు పోగొట్టుకుంటున్నవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో తెలిసినవాళ్ళకు దాని విలువ చెప్పనక్కర్లేదు.

చేప తోలులో ఈ పని చేసేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. మూడు పేటలు పేనిన తాడులాంటి దాని నిర్మాణాన్ని 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రపంచానికి చూపించారు. కొత్త కణాలు పాకడానికి అదే ఆధారం. చల్లని సముద్రపు కాడ్ నుంచి తీసిన కొల్లాజెన్ కొద్దిపాటి వేడికే పేటలు వదిలేస్తుంది. వెచ్చని నీళ్ళలో పెరిగే మన శీలావతి, బొచ్చె కొల్లాజెన్ 30 డిగ్రీలు దాటినా నిలబడుతుంది. ఇది మనకు కలిసొచ్చిన వరం.

రొయ్య సంగతి మాత్రం బాధాకరం. తల, పెంకు కలిపితే రొయ్య బరువులో మూడోవంతు పైనే. పెంకు నుంచి తీసే కైటోసాన్ రక్తాన్ని ఆపుతుంది, అమెరికా సైనికుల కట్లలో వాడారు. అయితే కైటోసాన్ మాంసకృత్తు కాదు. పెంకును కాస్టిక్ సోడాలో ఉడికించినప్పుడు వదిలే అసలు మాంసకృత్తులు చాలాచోట్ల మురుగులోకే పోతాయి.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. పచ్చి చేపతోలు ఎవరూ పుండు మీద వేసుకోకూడదు, ప్రాణం మీదికొస్తుంది. శుద్ధి, పరీక్ష, డాక్టరు, ఈ మూడూ ఉంటేనే అది మందు.

ఆ మూడింటికీ మనుషులు మన దగ్గరే ఉన్నారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేప పేగుతో ఒంట్లో కరిగిపోయే కుట్టు దారం చేసింది, ఆ సంస్థకు విశాఖలో పరిశోధన కేంద్రం ఉంది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. వీళ్ళను ఒకచోట కూర్చోబెట్టే పని ప్రభుత్వానిది. ఇక ఊరి వంతు. 2014 నుంచి తెల్లవారకముందే వీధులు ఊడ్చే కార్యకర్తలున్న చల్లపల్లికి చెత్తను వేరుచేయడం కొత్త కాదు. చేపలు కోసే మొద్దు పక్కన ఇప్పుడు పొలుసు, తోలు, పేగు ఒకే బస్తాలో ఎండకు కుళ్ళుతున్నాయి. ముందు అక్కడ తోలుకు వేరే ఐసుపెట్టె పెట్టించాలి. కోసే ఆడవాళ్ళకు కిలోకింత అని ధర కట్టి ఇవ్వాలి.