ఫోనులో వచ్చు సంకెళ్లు

ఇటీవల మన పట్టణములలో నొక వింత చౌర్యము ప్రబలినది. ఈ దొంగ గోడకుఁ గన్నము వేయఁడు. పోలీసు దుస్తులు ధరించి సెల్‌ఫోను తెరపైఁ బ్రత్యక్షమగును. "మీ పేర వచ్చిన పార్సెలులో మాదకద్రవ్యములు దొరకినవి; మీరు డిజిటల్ అరెస్టులో నున్నారు; ఎవ్వరితోను మాటాడరాదు" అని గద్దించును. ఉద్యోగవిరమణ చేసిన విద్యావంతులు సైతము తలుపులు మూసికొని, జీవితకాలమున గడించిన ధనమును వాఁడు చెప్పిన ఖాతాకుఁ బంపుచున్నారు.

డిజిటల్ అరెస్టు మన శాసనములలో నెచ్చటను లేదు. అరెస్టయిన వానిని, ప్రయాణకాలము గాక, 24 గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలయునని రాజ్యాంగపు 22వ అధికరణము శాసించుచున్నది. ధనము పంపిన విడుతుననువాఁడు దొంగ కానిచో లంచగొండి. ఇరువురిలో నెవ్వనికిని మనము చెల్లింపవలసినది లేదు.

ఈ దొంగల యాయుధము యంత్రము కాదు, మన భయము. పరప్రభుత్వము 1947లోఁ బోయినను, ఖాకీ దుస్తులఁ జూచి వడఁకు నలవాటు మనలను వీడలేదు. "ఏ ఠాణా? నేనే వచ్చి విచారింతును" అని ఫోను పెట్టివేయుట స్వతంత్ర పౌరుని లక్షణము.

మోసపోయినవారు సిగ్గుచే దాఁచుట రెండవ నష్టము. దొంగసొమ్ము ఖాతానుండి ఖాతాకు నిమిషములలోఁ బరుగిడును; తత్‌క్షణమే 1930 సంఖ్యకుఁ దెలిపినచో దానిని నిలుప నవకాశము గలదు. వృద్ధుఁడొకఁడు డిపాజిట్టు లన్నియు నొక్కసారి తీయఁగోరినపుడు కారణ మడుగుట బ్యాంకువారికిని ధర్మము.

చదువరులు నేఁడే తమ యింటి పెద్దల కీ సంగతి చెప్పవలయునని మా మనవి. "ఎవ్వరికిఁ జెప్పవలదు" అన్న మాటయే దొంగకుఁ గవచము. దాని నింటిలోనివారికిఁ జెప్పుటయే మనకు రక్ష.