32 శాతం నష్టానికి సున్నా, 33 శాతానికి 17,000

సూరత్‌లో ఉధ్నా దాటాక వచ్చే చిన్న స్టేషన్ భేస్తాన్. చుట్టూ మరమగ్గాల షెడ్లు, వాటిలో పనిచేసే తెలుగువాళ్లు చాలామంది. రైలు ఇంకాస్త ముందుకెళ్తే వరి, చెరకు పొలాలు. 2025 అక్టోబరు చివరి వారంలో ఇక్కడి మగ్గం కార్మికులకు రెండువైపుల నుంచీ వానకబురే. ఆంధ్ర తీరాన్ని మొంథా తుపాను తాకింది. అదే సమయంలో అరేబియా సముద్రంలోని వాయుగుండం గుజరాత్‌ను తడిపింది. కోతకొచ్చిన వరి అక్కడా ఇక్కడా నీళ్లపాలైంది.

నవంబరులో గుజరాత్ ప్రభుత్వం 10,000 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. హెక్టారుకు 22,000, గరిష్ఠంగా రెండు హెక్టార్లకు. మంచిదే. కానీ ఇలాంటి ప్రత్యేక ప్యాకేజీలు ప్రతి వానకూ రావు. మామూలు రోజుల్లో రైతు ఆధారపడేది నిబంధనల మీద. నా అభ్యంతరం ఆ నిబంధనల లెక్క మీదే.

2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం ప్రకారం, పంట నష్టం 33 శాతం లేదా అంతకు మించితేనే సాయం. వర్షాధార భూమికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉంటే 17,000. అంటే 32 శాతం నష్టపోయిన రైతుకు సున్నా, పక్క గట్టున 33 శాతం పోయినవాడికి 17,000. భౌతికశాస్త్రంలో దీన్ని మెట్టు ప్రమేయం అంటాం. స్విచ్చు వేస్తే బల్బు వెలిగినట్టు.

అసలు చిక్కు కొలతలో ఉంది. పొలం గట్టున నిలబడి కంటితో చూసి నష్టం అంచనా వేసే ఉద్యోగి 32కీ 33కీ తేడా చెప్పగలడా? ఐదారు శాతం అటూ ఇటూ కావడం సహజం. అది అతని తప్పు కాదు, కొలత స్వభావం. సరిగ్గా గీత దగ్గరున్న రైతుకు మాత్రం ఇది బొమ్మా బొరుసూ ఆట.

గుజరాత్ 2020లో ప్రకటించిన ముఖ్యమంత్రి కిసాన్ సహాయ్ యోజనలోనూ ఇలాంటి గీతే ఉంది. అక్టోబరు 15, నవంబరు 15 మధ్య 48 గంటల్లో 50 మిల్లీమీటర్లకు మించి కురిస్తేనే అకాల వర్షం కింద లెక్క. కానీ వాన ఊరూరికీ మారుతుంది. తాలూకా వర్షమాపకంలో 45 పడిన రోజున పది కిలోమీటర్ల అవతల 80 పడి ఉండొచ్చు. పైగా పొలంలో పరిచిన వరి పనలను పాడుచేసేది మిల్లీమీటర్లు మాత్రమే కాదు. తక్కువ వాన పడినా, నాలుగు రోజులు ఎండ రాకపోతే గింజ మొలకెత్తుతుంది.

ఉపగ్రహాలున్నాయి కదా అనొచ్చు. మన ఈఓఎస్-04, నైసార్ లాంటి రాడార్ ఉపగ్రహాలు మేఘాల కిందున్న ముంపును చూడగలవు. నిశ్చలమైన నీరు రాడార్ తరంగాలను పక్కకు పరావర్తనం చేస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. అయితే పనల్లో మొలకెత్తిన గింజ దానికి కనబడదు. ఉపగ్రహం సాక్షి కాగలదు, తీర్పరి కాలేదు.

అందుకే మెట్టు తీసి వాలు పెట్టాలి. ఉదాహరణకు, 20 శాతం నష్టం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో శాతానికి సుమారు 1,300 చొప్పున పెంచుతూ పోతే 33 దగ్గర 17,000 అవుతుంది. ఇప్పుడు అందుకుంటున్నవారికి రూపాయి తగ్గదు. అంచనాలో ఒక శాతం పొరపాటు జరిగినా రైతుకు పోయేది 17,000 కాదు, 1,300. గీత దాటించడానికి ఎవరినో బతిమాలుకోవాల్సిన అవసరమూ తగ్గుతుంది.

ఖర్చు పెరుగుతుంది, నిజమే. పరిశీలించాల్సిన పొలాలూ పెరుగుతాయి. కానీ ఆ భారం ఇప్పుడూ ఉంది. 32 శాతం నష్టాన్ని రైతు ఒక్కడే మోస్తున్నాడు. దాంతోపాటు తాలూకా వాన లెక్క, పొలం నష్టం అంచనా పంచాయతీ గోడ మీద అంటించాలి. ఏ కొలతతో తనకు సున్నా వచ్చిందో రైతుకు తెలియాలి. అప్పుడే ఆ కొలత తప్పని వాదించే వీలుంటుంది.