తస్వీర్‌లో లేనివాళ్లం

చూడ్డానికొచ్చే పరాయోడికి నచ్చేట్టు తీసిన ఫొటోనే ఒక జాతి ముఖమైపోతే ఏమవుతుందో జపాన్‌ను అడగండి. 1859లో యొకొహామా రేవు తెరిచారు. 1868 నాటికే ఫెలిచే బియాటో అక్కడి దృశ్యాల్నీ మనుషుల్నీ ఆల్బమ్‌లుగా కట్టి అమ్మాడు. తర్వాత కుసకాబె కింబెయి లాంటి జపాన్ వాళ్లే స్టూడియోలు పెట్టి, ఫొటోలకు చేత్తో రంగులద్ది విదేశీ యాత్రికులకు అమ్మారు. 1876లో సమురాయ్‌లు కత్తి ధరించడం నిషేధమైంది. స్టూడియోలో మాత్రం కిరాయి మనిషికి కవచం తొడిగి సమురాయ్‌ని నిలబెడుతూనే ఉన్నారు. 1897లో బోస్టన్‌లో ఒక పుస్తకం మొదలైంది. జపాన్ వాళ్లే వర్ణించి, చిత్రించిన జపాన్ అని దాని పేరు. సంపాదకుడు మాత్రం బ్రింక్లీ! కెమెరా మనోడి చేతికొచ్చినా కొనేవాడి కోరికే బొమ్మను గీస్తుంది.

ఇది మన కథ కాదా? లాలా దీన్‌దయాళ్ 1892 నాటి నిజాం రాజ్య దృశ్యాల ఆల్బమ్ ఉంది. మహబూబ్ అలీ ఖాన్ ఆయనకిచ్చిన బిరుదు రాజా ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే బొమ్మ గీసేవాడు. గొప్ప పనితనమే, కాదనను. కానీ ఆ కెమెరా దర్బారుకూ, వచ్చే దొరలకూ పనిచేసింది. ఆ తస్వీరే ఈనాటికీ తెలుగు ముస్లిం తస్వీరు: షేర్వానీ, చార్మినార్, బిర్యానీ, పర్దా చాటు కళ్లు.

మా అనంతపురం ఆ ఫ్రేములో లేదు. 1800లోనే నిజాం మమ్మల్ని కుంపిణీకి రాసిచ్చేశాడు. నవాబుల ఆల్బమ్‌లో చోటు లేదు గానీ, నవాబుల పాపం మాత్రం మా ఖాతాలోనే! సెంటు భూమి లేని దూదేకుల సాయిబును పట్టుకుని 'మీరు ఏలినోళ్లు కదా' అంటారు.

సీమ లాంటి కరువు నేలకు దక్కిన కెమెరా వేరు. 1876-78 ధాత కరువులో హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలో ఎముకల గూళ్లను గుంపుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ మనుషుల పేర్లెక్కడ? వైభవం ఫొటోలో మేం లేం. ఆకలి ఫొటోలో మాకు పేరు లేదు.

సెక్యులర్ మిత్రులారా, గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి హిందువులూ తరలొస్తారని మురిసి 'మతసామరస్యం' అని కింద రాస్తారు. బాగుంది. పీరు ఎత్తిన ఆ మనిషి మర్నాడు ఏ శెనక్కాయ చేలో కూలికి పోతాడో, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద ఏం తింటాడో ఎన్నడైనా అడిగారా? సామరస్యానికి మోడల్‌గా నిలబడ్డమే మా పనా?

మన ముస్లిం పెద్దలూ తక్కువేం కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులోణ్ణి చూసి 'వీడు అసలు ముసల్మానేనా' అని మూతి విరుస్తారు. వాళ్ల ఆల్బమ్‌లో ఉర్దూ లేనోడికి చోటు లేదు. ఆ ఉర్దూ నా ఇంటి భాషే. దాన్ని గేటు కాపలాకు నిలబెట్టకండి.

ఇప్పుడు ఊరూరా ఫోన్లో కెమెరా ఉంది. పెనుకొండ బాబయ్య దర్గాను తీయండి, లేపాక్షి నందినీ తీయండి. పక్కన నిలబడ్డ మనిషినీ తీయండి. అడిగి తీయండి. ఒప్పుకుంటే ఫొటో కింద నాలుగు ముక్కలు రాయండి: పేరు, ఊరు, పని, కూలి. చూడ్డానికొచ్చేవాడికి అది నచ్చకపోతే పోనీయండి. బతికేది మేం.